ఆరు షీట్ల చర్మం

మార్చి 28, శుక్రవారం. ఉదయగిరి

ఈ ఉదయం గోడ మీద అక్క నీడకి మెడ ఉంది.

కిటికీ ఎండ మంచం మీదుగా వెళ్లి ఎదుటి గోడ మీద పడింది. తల, దాని కింద కట్టు లావుతో మెడ, దాని కింద భుజాలు. నెలల తరబడి ఆ నీడలో తల నేరుగా ఛాతీ మీదే మొదలయ్యేది. అక్కకి చూపిద్దామనుకున్నాను. మెడ తిప్పకూడదు కదా అని ఊరుకున్నాను.

నిన్న చెన్నై నుంచి వచ్చాం. ఆపరేషన్ అయి పది రోజులు. రెండోది ఏప్రిల్ పదిన. మధ్యలో ఈ రెండు వారాలు ఇంటి దగ్గర ఉండమన్నారు. అందుకే ఈ నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఏ రోజు ఏం జరిగిందో డాక్టర్లు అడిగితే నోటితో చెప్పలేను. రాసుకుంటే చూసి చెప్పొచ్చు.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో జనార్దనయ్య గారి పొగాకు బ్యారన్‌లో మా అక్క సారా పడింది. లోపల ఆకు కట్టిన కర్రలు వరసలు వరసలుగా పైదాకా వేలాడదీస్తారు. కింద ఇనుప గొట్టాల్లో మంట వేడి తిరుగుతుంది. పై వరసలో ఒక కర్ర జారితే సరిచెయ్యడానికి అక్క ఎక్కింది. కాలు తప్పి గొట్టం మీద బోర్లా పడింది. ఎండిన ఆకు అంటుకుంది. నాయన లోపలికి పోయి లాక్కొచ్చాడు. నాయన అరచేతులు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోవు.

నెల్లూరులో నాలుగు నెలలు ఉంచి బతికించారు. తొడల నుంచి, వీపు నుంచి చర్మం తీసి ఛాతీకీ చేతులకీ వేశారు. మెడ దానంతట అదే మానింది. మానుతూ మానుతూ గట్టిపడి, గడ్డాన్ని లాగి ఛాతీకి కట్టేసింది. కింది పెదవి కూడా దానితో కిందికి పోయింది. నోరు మూతపడదు. చొంగ కారుతుంది. పెదాలు కలిస్తేనే పలికే అక్షరాలు పోయాయి. అమ్మా అని పిలవలేకపోతోంది. నా పేరు పిలవగలదు. నిరోష అనడానికి పెదాలు కలవక్కర్లేదు.

మార్చి 29, శనివారం

చెన్నై డాక్టరమ్మ చెప్పినదంతా మర్చిపోకముందే రాస్తున్నాను. ఆమె ఇంగ్లీషులో చెప్పారు, నేను ముగ్గురికీ తెలుగులో చెప్పాను.

గట్టిపడిన చర్మాన్ని కోసి తలని వెనక్కి వంచితే మెడ మీద పెద్ద గుంట మిగిలింది. మామూలుగా అయితే ఒంట్లో ఇంకోచోటి నుంచి చర్మం తెచ్చి వేస్తారు. అక్క ఒంట్లో తీసే చోటు మిగల్లేదు. అందుకని ఆ గుంటలో కొలాజెన్‌తో చేసిన పల్చటి స్పాంజి పరిచారు. దాని మీద సిలికాన్ పొర. మూడు వారాల్లో అక్క రక్తనాళాలే ఆ స్పాంజిలోకి పాకి దాన్ని అక్కదిగా చేసుకోవాలి. ఈలోగా చెవి వెనక నుంచి పోస్టల్ స్టాంపంత చర్మం తీసి ల్యాబ్‌లో పెంచుతున్నారు. పదో తేదీన సిలికాన్ తీసేసి, పెరిగిన చర్మాన్ని స్పాంజి మీద పరుస్తారు. ఇదొక స్టడీ, కొత్త పద్ధతిని పరీక్షించి చూడడం. మనం కట్టాల్సింది ఏమీ లేదు. మా ప్రాంతం నుంచి అక్కే మొదటిది.

స్పాంజి దేంతో చేస్తారని అమ్మ అడిగింది. ఆవు నుంచి తీసినదట అన్నాను. గొర్రెదైతే మన దొడ్లోదే ఇచ్చేవాళ్లం గదా అన్నాడు నాయన. అక్క నవ్వబోయి ఆపుకుంది. నవ్వినా మెడ కదులుతుంది.

రూల్స్ కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి మంచం పైన గోడకి అంటించాను. కట్టు ఆత్మకూరులో డాక్టర్ తప్ప ఎవరూ విప్పకూడదు. నీళ్లు, నూనె, పౌడరు, పసుపు తగలకూడదు. బయటివాళ్లు దగ్గరికి రాకూడదు. ఎవరూ ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం అన్నం పెడుతుంటే అక్క ఉన్నట్టుండి, పప్పులో ఉప్పు ల్యా అంది. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. అక్క మళ్లీ అంది. పప్పులో ఉప్పు ల్యా అంటే ఏందే అట్ట చూస్తావు, ఉప్పు తే.

అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

మార్చి 31, సోమవారం. ఆత్మకూరు

డ్రెస్సింగ్ రోజు. సోమవారం, గురువారం రావాలి. బస్సు కుదుపులకి కట్టు కదులుతుందని నాయన కారు మాట్లాడాడు. దారంతా నేను అక్క తల వెనక దిండు పట్టుకుని కూర్చున్నాను.

డాక్టర్ సురేంద్రబాబు గారిది చిన్న నర్సింగ్ హోం. చెన్నై డాక్టరమ్మకి జూనియర్ అట. అందుకే మమ్మల్ని ఇంటికి పంపడానికి ఆమె ఒప్పుకున్నారు. పై కట్టు విప్పి, సిలికాన్ లోంచి కనిపించే రంగు చూసి, నన్ను కూడా చూడమన్నారు. మొన్నటిదాకా ఎర్రగా ఉన్నది ఇప్పుడు లేత కమలాపండు రంగుకి తిరుగుతోంది. రక్తనాళాలు పాకుతున్నట్టు గుర్తు అన్నారు. అది ఇప్పుడు పూర్తిగా ఒంటిదీ కాదు, బయటిదీ కాదు, దానికి కాపలా ఏమీ లేదు, నువ్వే కాపలా అన్నారు. రూల్స్ కాగితం అర్థమైందా అని అడిగి, నేను ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్తే తృప్తిపడ్డారు. కాన్వెంట్ పిల్ల ఉండాది, నాకు సగం దిగులు తగ్గింది అని సుకన్య సిస్టర్‌తో అన్నారు.

సుకన్య సిస్టర్ వేళ్లతో కొలవడం నేర్పింది. గడ్డానికీ ఛాతీ ఎముకకీ మధ్య నాలుగు వేళ్లు అడ్డంగా పట్టాయి. ఆపరేషన్ ముందు ఒక్క వేలు కూడా దూరేది కాదు.

వచ్చేటప్పుడు కాన్వెంట్ గేటు ముందు నుంచి వచ్చాం. పదేళ్లు అక్కడి హాస్టల్లో ఉన్నాను. అడిగితేనే మాట్లాడాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి అని నేర్పారు. అది నాకు నేర్పక్కర్లేదని సిస్టర్లు అనేవాళ్లు.

ఏప్రిల్ 1, మంగళవారం

ల్యాబ్ నుంచి ఫోన్. పేరు పెంచలప్రసాద్. వెంకటగిరి వాడు, తెలుగు వాళ్ల కేసులన్నీ అతనే చూస్తాడట. మీ అక్క చర్మం కొత్తిమీర మడి మాదిరి పెరగతా ఉండాది మేడమ్ అన్నాడు. రోజూ పొద్దున పోంగానే ముందు దాన్నే చూస్తాడట. ఆరు షీట్లు వస్తాయట, ఒక్కోటి అరచెయ్యంత.

అక్కకి చెప్పాను. నేను ఈడ మంచం మీద, నేనే ఆడ గిన్నెలో అంది. అక్కడ నాకు కూడు ఎవరు పెడతా ఉండారో అంది.

ఏప్రిల్ 2, బుధవారం

అక్క ఈ రోజు గ్లాసుతో నీళ్లు తాగింది. ఒక్క చుక్క కారలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఆత్మకూరు. నాలుగు వేళ్లు. రంగు ఇంకా బాగుంది. డాక్టర్ గారు ఫోటో తీసి చెన్నైకి పంపారు. అక్కడి నుంచి ఒక్క మాట వచ్చింది, బ్యూటిఫుల్ అని. అక్కకి అర్థం చెప్పాను. ఎవరి గురించి, నా గురించేనా అంది.

ఇంటికి వచ్చాక అక్క మెల్లగా కీర్తన అందుకుంది. పాడొద్దని చెప్పాలి. రూల్స్‌లో పాడకూడదని లేదు. రెండు చరణాలు విన్నాను, తర్వాత చెప్పాను.

ఏప్రిల్ 4, శుక్రవారం. సాయంత్రం 7

చర్చి స్త్రీల సమాజం వాళ్లు వచ్చి వెళ్లారు.

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే శుక్రవారాల్లో వాళ్లు ఒక్కో ఇంట్లో కూడిక పెడతారు. జబ్బు మనిషి ఉన్న ఇంటికి తప్పకుండా వస్తారు. ఒక తెల్ల చేతిరుమాలు చేతులు మారుతుంది. ఒక్కొక్కరు దాన్ని పట్టుకుని ప్రార్థన చేసి పక్కవాళ్లకి ఇస్తారు. చివరికి ఒలీవ నూనెలో ముంచి జబ్బు ఉన్న చోట పెడతారు. నా చిన్నప్పుడు నాయన కడుపునొప్పికి కూడా పెట్టారు.

సమాజానికి పెద్ద ఆనందమ్మత్త. రిటైరైన టీచరు. నన్ను కాన్వెంట్‌లో చేర్చమని ఉత్తరం రాసి ఇచ్చింది ఆమే. హాస్టల్‌కి నా మొదటి ట్రంకు పెట్టె కొన్నదీ ఆమే. గడప దాటి వస్తూనే గోడ మీద కాగితం చదివింది. ఎవరూ ముట్టుకోకూడదా, దేవుడు కూడానా పాపా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దూరంగా కూర్చునే ప్రార్థన చేశారు. అంతవరకు బాగుంది. తర్వాత అత్త లేచి మంచం దగ్గరికి వెళ్లింది. అమ్మ, ఆత్మకూరు డాక్టరు వద్దన్నాడు వదినా అని సన్నగా అని నా వైపు చూసింది. మందుకి మందే, ప్రార్థనకి ప్రార్థనే, రెండూ కొట్లాడుకోవులే అంది అత్త. నూనె చుక్కలు పడుతున్న రుమాలుని మడిచి, మెడకి పెట్టిన మెత్తటి కాలర్ కిందగా, కట్టు అంచు లోపలికి రెండు వేళ్లతో తోసింది. గాయానికి తగల్లేదులే, అంచుకే అంది.

నేను టీ గ్లాసుల ట్రే పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. గదిలో పదకొండు మంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను ఒక్కదాన్నే తెరుచుకుని ఉన్నాను.

అత్తా వద్దు. రెండే మాటలు. అని ఉంటే చాలు. ట్రే కింద పెట్టి వెళ్లి తీసేసినా సరిపోయేది. టీ చల్లారిపోతుందేమోనని ఆలోచిస్తున్నాను. నిజంగా దాన్ని గురించే ఆలోచించాను.

ఏప్రిల్ 5, శనివారం

రుమాలు తీసేద్దామని పొద్దున కూర్చున్నాను. ఉండనీవే అంది అక్క. అంత మంది పట్టుకున్నది, సోమవారం దాకా ఉండనీ, చల్లగా ఉండాది. అక్క ముఖం ప్రశాంతంగా ఉంది. ఏడాదిగా అక్కని దగ్గరికి వచ్చి తాకినవాళ్లు లేరు. వచ్చినా మంచం కోడు పట్టుకుని మాట్లాడి వెళ్లేవాళ్లు.

అంచుకే కదా అనుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

తియ్యలేదు.

ఏప్రిల్ 7, సోమవారం. ఆత్మకూరు నుంచి వచ్చాక

కారు ఎక్కే ముందు రుమాలు నేనే లాగేశాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాగ్‌లో దాచాను. సుకన్య సిస్టర్ చూస్తే, మీ పల్లెటూరోళ్లు ఇంతే అంటుందని.

డాక్టర్ గారు కట్టు విప్పి ఎడమ మూల చూస్తూ ఆగిపోయారు. అక్కడ సిలికాన్ కింద రంగు మసగ్గా ఉంది. గాజుగుడ్డ అంచు వేళ్లతో నలిపి చూసుకున్నారు. జిడ్డుగా ఉండాదే అన్నారు. ఎవరైనా విప్పారా, ఏమైనా పెట్టారా అని నన్ను ఇంగ్లీషులో అడిగారు.

నో డాక్టర్ అన్నాను.

అవును అంటే దాని తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. ఎవరు, ఎప్పుడు, నువ్వేం చేస్తున్నావు. లేదు అంటే అక్కడితో అయిపోతుంది. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

ఆయన నా ముఖం చూసి తల ఊపారు. కారు కిటికీ దుమ్ము అయ్యుంటుంది, చెమట అయ్యుంటుంది, గురువారం చెన్నైలో ఎట్లాగూ విప్పుతారు, అప్పటిదాకా చూద్దాం అన్నారు. అనుమానం ఉంటే ఈ రోజే శాంపిల్ పంపి మందు మార్చేవాణ్ణి, నువ్వు చూసుకుంటున్నావు కాబట్టి ధైర్యం అన్నారు.

అక్క అన్నీ వింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషు కాబట్టి అర్థం కాలేదు. ఏమన్నాడే అని కారులో అడిగింది. బాగుందన్నాడు అన్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

సాయంత్రం నుంచి అక్క ఒళ్లు వెచ్చగా ఉంది. ఎండ వల్ల అంటోంది అమ్మ. బయట నలభై ఒకటి. ఇల్లంతా వెచ్చగానే ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

ఉదయం 6. జ్వరం నూట మూడు. మంచం దగ్గర మాగిన ద్రాక్షపళ్ల వాసన. ఇంట్లో ద్రాక్షపళ్లు లేవు.

ఉదయం 10. ఆత్మకూరు. కట్టు విప్పగానే సుకన్య సిస్టర్ ఫ్యాన్ ఆపేసింది. ఆ వాసన ఆమెకి తెలుసు. గాజుగుడ్డ మీద ఆకుపచ్చ మరక. సిలికాన్ పొర కింద నుంచి లేచి తేలుతోంది. డాక్టర్ గారు మాస్క్ సర్దుకుని, సూడోమోనాస్ అనే క్రిమి అన్నారు. కమలాపండు రంగు ఎక్కడా లేదు.

ఆయన చెన్నైకి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశారు. అమ్మ ఫోన్ వైపు చూడలేదు, నా ముఖం చూస్తూ నిలబడింది. మొత్తం తీసెయ్యాలి, ఈ రోజే, లేకపోతే రక్తంలోకి పోతుంది అన్నారు డాక్టరమ్మ. సోమవారం తెలిసి ఉంటే ఆ మూల వరకు కత్తిరించి మిగతాది కాపాడేదాన్ని అన్నారు. ఎట్లా వచ్చిందని అడిగారు. అదే తెలియడం లేదు మేడమ్, అటెండెంట్ చాలా జాగ్రత్త మనిషి, చదువుకున్న అమ్మాయి అన్నారు ఈయన.

ఏమంటుందే ఆమె అని అమ్మ అడిగింది. శుభ్రం చెయ్యాలట అన్నాను.

మధ్యాహ్నం 3. తీసేశారు. ఒక ట్రేలో చూశాను. తడిసిన కాగితంలా ఉంది.

ఏప్రిల్ 10, గురువారం

ఈ రోజే రెండో ఆపరేషన్ కావాల్సింది.

ఏడున్నరకి పెంచలప్రసాద్ ఫోన్. ఇంకా ఎవరూ అతనికి చెప్పలేదు. రెడీ మేడమ్, ఆరుకి ఆరూ వచ్చినాయి, యాడుండారు, చెన్నైకి వచ్చేసినారా అన్నాడు. మా చీఫ్ చూసి ఇంత బాగా ఎవురికీ రాలేదన్నాడు మేడమ్ అన్నాడు. నేను చెప్పాను. చెప్పడానికి మూడు వాక్యాలు పట్టింది. ఇన్ఫెక్షన్ వచ్చింది. స్పాంజి తీసేశారు. పరచడానికి చోటు లేదు.

అతని వెనక ఏదో మిషన్ చప్పుడు. సోమవారం దాకా నిలపతాను మేడమ్, ఏమో చెప్పలేం గదా అన్నాడు.

ఏప్రిల్ 12, శనివారం. ఆత్మకూరు

జ్వరం తగ్గింది. అక్క బతుకుతుంది. అందరూ ఇదే చెప్తున్నారు.

పెంచలప్రసాద్ ఫోటో పంపాడు. గులాబీ రంగు నీళ్లలో పల్చగా, అంచు ఎక్కడుందో తెలియకుండా ఒక పొర. అక్కకి చూపించాను. ఫోన్ చాలాసేపు పట్టుకుంది. నేనేనా ఇది, ఇంత తెల్లగా ఉండాను అంది.

దాన్ని ఎప్పుడు తెస్తారని అడగలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

వాట్సాప్‌లో ఒక ఫారం వచ్చింది. పెరిగిన షీట్లు పారవెయ్యడానికి అంగీకారం. ఇంకెక్కడైనా వెయ్యొచ్చా అని అడిగాను. చీము పట్టిన చోట వేస్తే ఒక్క రోజు కూడా నిలబడదట. కొన్ని కణాలు ఫ్రీజ్ చెయ్యొచ్చు కానీ, ఇన్ఫెక్షన్ వచ్చిన కేసుని స్టడీలోంచి తీసేస్తారట. తీసేసిన మనిషి కణాలు ఉంచడానికి ఒప్పుకోరట. రిలేషన్ టు పేషెంట్ దగ్గర సిస్టర్ అని రాశాను. సంతకం చేసి, ఫోటో తీసి పంపాను.

ఏం చేస్తారు వాటిని అని పెంచలప్రసాద్‌ని అడిగాను. ఎందుకు మేడమ్ అన్నాడు. మళ్లీ అడిగాను. కుక్కర్ లాంటిది ఉంటాది, అందులో పెట్టి వేడి చేసేస్తాం అన్నాడు.

అక్క చర్మం రెండోసారి.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. ఆత్మకూరు

ఆనందమ్మత్త బత్తాయిలు తీసుకుని ఉదయగిరి నుంచి బస్సులో వచ్చింది. ఈ ఎండలో, డెబ్బై ఏళ్ల మనిషి. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చింది. దేవుడు ప్రాణం నిలిపినాడు పాపా, అది చాలు అంది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి రుమాలు ఉందా అని అడిగింది. కొండాపురంలో ఒకామెకి పక్షవాతం వచ్చిందట, అక్కడికి తీసుకుపోవాలట.

కారులో పడిపోయింది అత్తా అన్నాను. నా బ్యాగ్‌లోనే ఉంది. కవర్ లోపల ఆకుపచ్చగా చెమ్మ పట్టింది. దాన్ని ఎక్కడ పారెయ్యాలో కూడా నాకు తెలియడం లేదు.

పోతే పోనీలే, ఇంకోటి చేసుకుంటాం అంది. నా తల నిమిరి, అక్కని కంటికి రెప్ప మాదిరి చూసుకున్నావు, ఆ ఉత్తరం రాసినందుకు నాకు ఎప్పుడూ సంతోషమే అంది.

ఆమెకి తెలియదు. ఆమె వల్ల అని చెప్తే ఆమె ఇంక లేవదు. నా వల్ల అని చెప్పాలంటే ముందు ఆమె పేరు చెప్పాలి. రెండింటి మధ్యా దారి వెతికినట్టు చేస్తున్నాను. నిజానికి వెతకడం లేదు.

ఏప్రిల్ 20

ఈస్టర్. అమ్మ గుడికి పోలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం. ఉదయగిరి

ఇంటికి వచ్చాం. గాయం మానుతోంది. అదే భయం. ఎంత మానితే అంత లాగుతుంది. సుకన్య సిస్టర్ గట్టి కాలర్ ఇచ్చి పగలూ రాత్రీ పెట్టమంది. కొంత ఆగుతుంది గానీ పూర్తిగా ఆగదు అంది. అబద్ధం చెప్పకుండా చెప్పినందుకు ఆమె మీద గౌరవం కలిగింది.

మూడు వేళ్లు.

మే 5, సోమవారం. ఆత్మకూరు

చెప్పెయ్యాలని ఒక్కదాన్నే బస్సులో వెళ్లాను. ఏడో తేదీన అబద్ధం చెప్పానని వాక్యం తయారు చేసుకున్నాను, ఇంగ్లీషులో. డాక్టర్, ఐ లైడ్ టు యూ ఆన్ ది సెవెంత్. దారంతా లోపల చెప్పుకుంటూనే ఉన్నాను.

డాక్టర్ గారు కుర్చీ చూపించారు. నేను నోరు తెరిచే లోపే ఆయనే మొదలుపెట్టారు. మన కేసు గురించి చెన్నైలో మీటింగ్ పెట్టారట. కారణం తెలియదు అని రాసుకున్నారట. కారణం తెలియనప్పుడు ఇల్లే కారణం అనుకోవాలి కదా అన్నారు. రెండు ఆపరేషన్ల మధ్య పేషెంట్‌ని ఇక ఇంటికి పంపరట. ఆ మూడు వారాలూ అక్కడ మంచాలు లేవు కాబట్టి, దూరం ఊళ్ల వాళ్లని స్టడీలోకి తీసుకోవడమే మానేశారట. వరికుంటపాడు నుంచి నాగులమ్మ అని ఒక గొర్రెల కాపరి భార్య, స్టవ్ పేలి కాలిన మనిషి, జూన్‌లో పోవాల్సింది. నిన్ననే ఆమెకి వద్దని చెప్పినాను అన్నారు. మీ తప్పు ఏం లేదమ్మా, మీరు చేయగలిగినంత చేశారు అన్నారు.

ఆమె బయట బెంచీ మీద ఉందేమోనని వచ్చేటప్పుడు చూశాను. చాలా మంది ఉన్నారు. ముసుగు వేసుకున్న ఒకామె ఉంది. అడగలేదు.

వాక్యం తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను.

మే 6, మంగళవారం

చెన్నై డాక్టరమ్మకి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. గ్రామర్ తప్పులు దిద్దాను. పంపలేదు.

మే 19, సోమవారం

రెండు వేళ్లు. నీళ్లు మళ్లీ స్పూన్‌తో.

అమ్మ పప్పులో కావాలనే ఉప్పు వెయ్యలేదు. అక్క ఏమీ అనకుండా తినేసింది. అమ్మ తలుపు వెనక నిలబడి చూస్తోంది. నేను ఉప్పు డబ్బా తీసుకెళ్లి అక్క పక్కన పెట్టాను.

జూన్ 8, ఆదివారం

ఒక వేలు, గట్టిగా దూరిస్తే.

గోడ మీద రూల్స్ కాగితం నాయన తీసేశాడు. నన్ను అడగలేదు. జిగురు ఉన్న నాలుగు మూలలూ గోడ మీదే మిగిలాయి.

పొగాకు వేలం ఇంకా నడుస్తోంది. జనార్దనయ్య గారు మనిషిని పంపి, వచ్చే సీజన్‌కి మీ సారా, ఆకు రకాలు ఏరే గ్రేడింగ్‌కి వస్తుందా, కూర్చునే పనే గదా అని అడిగించారు. తల వంచుకునే చెయ్యాలిగా, నాకు సరిగ్గా సరిపోద్ది అంది అక్క. ఇప్పుడు అక్క మాటల్లో కొన్ని అక్షరాలు ఉండవు. ఉన్నట్టే రాస్తున్నాను.

జూన్ 22, ఆదివారం

స్నానం చేసి వచ్చేసరికి ఈ నోట్‌బుక్ అక్క ఒళ్లో ఉంది. తల ఎత్తడం కుదరదు కాబట్టి పేజీ సరిగ్గా కళ్ల కిందే ఉంది. మొదటి నుంచి ఒక్కొక్కటే తిప్పుతోంది. ఏప్రిల్ పేజీలు కూడా తిప్పింది. తొందర లేకుండా, ఏ పేజీ వదలకుండా.

ఇన్ని రాసినావా, అంతా నా గురించేనా అంది. అవునన్నాను. మూసి నాకిచ్చింది. కాగితాలు అయిపోతే నాయన్ని అడుగు, ఇంకోటి తెస్తాడు అంది.

అక్కకి అక్షరాలు చదవడం రాదు.